శ్రీహరికోట, యానాదులు, ఎక్స్‌రే ఆకాశం



నేను తాడేపల్లిలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఫిజిక్స్ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. క్లాసులో గెలాక్సీల మీద సెమినార్ చెప్తానంటే ఒకతను "యానాదులకి ఆకాశంతో ఏం పనిరా" అన్నాడు. అప్పుడు నోరు పెగల్లేదు. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నా.

గెలాక్సీలు వందల్లో, వేలల్లో గుంపులుగా ఉంటాయి. వాటి మధ్య ఖాళీ అనుకున్న చోటంతా కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ ఉంది. గుంపులోని నక్షత్రాలన్నీ కలిపినా ఆ గ్యాస్ బరువే ఎక్కువ. అది ఎక్స్‌రేల్లో వెలుగుతుంది. మన గాలి ఎక్స్‌రేలని నేల దాకా రానివ్వదు కాబట్టి పరికరాల్ని పైకి పంపాలి. 1968లో హైదరాబాద్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బెలూన్ ఎగరేసి ఆకాశంలో ఎక్స్‌రేలు కొలిచారు. 1970లో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు అనే ఉపగ్రహం గెలాక్సీల గుంపుల్లో పరుచుకున్న ఎక్స్‌రే వెలుగుని పట్టుకుంది.

ఆ గ్యాస్ అంతటా సమంగా లేదు. చిక్కదనం రెండింతలైతే వెలుగు నాలుగింతలు అవుతుంది. కల్లంలో మిరపకాయలు కుప్పలుగా ఉన్నచోటే చూసి అంతటా అలాగే ఉందనుకుంటే దిగుబడి లెక్క తప్పుతుంది కదా, అలాగే ఇక్కడా. 2011లో జపాన్ ఉపగ్రహం సుజాకుతో పెర్సియస్ గుంపు అంచులు కొలిస్తే, ఉండాల్సినదానికన్నా గ్యాస్ ఎక్కువ తేలింది. గ్యాస్ ముద్దలు ముద్దలుగా ఉండటమే కారణం కావచ్చని శాస్త్రవేత్తలు చెప్పారు.

ఇప్పుడు మన సంగతి. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట యానాదుల అడవి. తేనె, దుంపలు, మందు మొక్కలు మనవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో కూడా అక్కడి యానాదుల గురించి ఉంది. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. మనవాళ్ళు ఊళ్ళు వదలాల్సి వచ్చింది. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. 2015 సెప్టెంబర్ 28న ఎక్స్‌రేలు చూసే మన దేశపు ఆస్ట్రోశాట్ ఎగిరింది కూడా ఆ నేల మీద నుంచే.

రాకెట్లు వద్దని నేననను. నాకూ వాటి మీదే చదవాలని ఉంది. కానీ ఖాళీ అనుకున్న చోట ఏముందో చూడటం నేర్పిన సైన్సు, ఆ దీవి కూడా ఖాళీ కాదని చెప్పాలి కదా.

మీ ఇంట్లో తాతలు, అవ్వలు శ్రీహరికోట నుంచి వచ్చినవాళ్ళు ఉంటే అడగండి. ఊరి పేరు, ఎప్పుడొచ్చారో, ఏం వదిలొచ్చారో కింద రాయండి. వాళ్ళు ఉండగానే రాసుకుందాం.