గొలుసు పట్టా తప్పిన దారి: రోడ్డు సైకిలు పందేల్లో పాత సరంజామా, కొత్త సరంజామా

1913 జూలైలో పిరెనీస్ పర్వతాల్లో తూర్మలే కనుమ దిగుతుండగా యూజెన్ క్రిస్తోఫ్ సైకిలుకు ముందు ఫోర్కు విరిగిపోయింది. ఆ ఏటి టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గెలుపు మీద ఆశ పెట్టుకోదగిన కొద్దిమందిలో అతనొకడు. నియమాల ప్రకారం ఇంకో సైకిలు ఎక్కకూడదు, ఎవరి సాయమూ తీసుకోకూడదు. అతను సైకిలును భుజానికెత్తుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెంత్-మరీ-ద-కాంపాన్ అనే పల్లెలో ఒక కమ్మరి కొలిమి చేరుకున్నాడు. ఇనుము తానే కాల్చి, తానే సాగగొట్టి, ఫోర్కును తానే అతికించుకున్నాడు. పందెం అధికారులు పక్కనే నిలబడి చూశారు. కొలిమితిత్తి ఊదడానికి ఒక కుర్రవాడు చెయ్యి వేసినందుకు మొదట పది నిమిషాల జరిమానా వేసి, ఆ తరువాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. పని ముగిసేసరికి కొన్ని గంటలు గడిచాయి. పందెం ఎలాగూ చేజారింది.

ఈ కథను సాధారణంగా నాటి నిర్వాహకుల కాఠిన్యానికి ఉదాహరణగా చెబుతారు. అంతమాత్రమే అయితే దాన్ని ఇక్కడ ఎత్తుకోవలసిన అవసరం లేదు. ఆ జరిమానా వెనుక ఒక సిద్ధాంతం ఉంది. పందెం కొలిచేది మనిషిని. యంత్రం అందరికీ సమానమైన భారం. ఆ భారం బాగోగులు కూడా మోసేవాడివే. ఈ సిద్ధాంతానికి కర్త ఆంరీ దెగ్రాంజ్. 1903లో టూర్ ద ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన 'లోటో' పత్రికకు ఆయన సంపాదకుడు. అంతకు పదేళ్ళ ముందు, 1893 మే 11న, పారిస్‌లోని బఫలో వెలోడ్రోమ్‌లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి, అధికారిక గుర్తింపు పొందిన తొలి గంట రికార్డును స్థాపించినవాడు కూడా ఆయనే. అంటే సైకిలెక్కని గుమాస్తా చేసిన నియమాలు కావవి. తొక్కుడంటే ఏమిటో తొడలకు తెలిసిన మనిషి చేసినవి.

దెగ్రాంజ్‌కు ఎదురుగా నిలిచినవాడు పోటీదారుడు కాదు, యాత్రికుడు. పాల్ ద వివీ 1853లో పుట్టాడు. సాంత్-ఎత్యెన్ పట్టణంలో 'వెలోసియో' అనే కలం పేరుతో రాస్తూ 1887 నుంచి సైకిలు పత్రిక నడిపాడు. పట్టణం వెలుపలి కొల్ ద లా రెపుబ్లిక్ కనుమ ఆయన ప్రయోగశాల. ఒకే పళ్ళచక్రం ఉన్న సైకిలు మీద ఆ కనుమ ఎక్కేవాడికి ఎదురయ్యే చిక్కు సులభమైన లెక్క. పెడళ్ళ దగ్గర 48 పళ్ళు, వెనక చక్రానికి 16 పళ్ళు ఉంటే, కాలు ఒక చుట్టు తిప్పినప్పుడు చక్రం మూడు చుట్లు తిరిగి సైకిలు ఆరు మీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. చదును నేల మీద అది హాయి. ఎత్తు ఎక్కేటప్పుడు అదే శిక్ష: కాలు కదలదు, మోకాలు గుంజుతుంది. వెనక పళ్ళు 24 చేస్తే కాలు తేలికవుతుంది కానీ, చదునులో గాలికి తిరిగే గిలకలా ఊరికే గిరగిరా తిప్పుకోవాలి. మనిషి కాలికి అనువైన వేగం ఒకటుంది, దారి వాలు మారినా ఆ వేగం మారకూడదు, మారవలసింది పళ్ళ నిష్పత్తి అని వెలోసియో దశాబ్దాల పాటు వాదించాడు. గొలుసును ఒక పళ్ళచక్రం మీంచి పక్కదాని మీదికి నెట్టే ఏర్పాట్లను తన సైకిళ్ళ మీదే పరీక్షించాడు. ఆ ఏర్పాటుకు ఫ్రెంచివారు పెట్టిన పేరు 'డీరైలర్', అంటే పట్టాలు తప్పించేది. ప్రమాదానికి వాడే మాటను పరికరానికి పేరుగా పెట్టడంలోనే ఆనాటి అనుమానం కొంత ధ్వనిస్తుంది.

గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవారికి తప్ప పనికిరావని దెగ్రాంజ్ 1902లోనే తేల్చేశాడు. పందెంలో వాటిని నిషేధించాడు. పోటీదారులకు మిగిలిన ఉపాయం ఒక్కటే: వెనక చక్రానికి ఎడమవైపు ఒక పళ్ళచక్రం, కుడివైపు మరొకటి. కొండ మొదలయ్యేచోట దిగి, రెక్కల నట్లు వదులు చేసి, చక్రాన్ని ఊడదీసి, తిప్పి బిగించుకుని మళ్ళీ ఎక్కాలి. కొండ దాటాక మళ్ళీ అదే తంతు. ఎక్కడ దిగాలన్నది కూడా వ్యూహమే. ప్రత్యర్థి చక్రం తిప్పుతున్న క్షణంలో పారిపోవడం నాటి పందేల్లో మామూలు ఎత్తు. అర్ధంతరంగా ఆగడమనే ఇబ్బంది నుంచి ఒక కళ పుట్టిందన్న మాట. పాత సరంజామా అభిమానులు ఇప్పటికీ ఇలాంటి కళల గురించే మాట్లాడతారు. ఆ మాటను పూర్తిగా కొట్టివేయడానికి లేదు, కానీ ఆ కళ కోసం ఎన్ని మోకాళ్ళు అరిగాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దెగ్రాంజ్ నిషేధాన్ని మొండితనం అనడం తేలిక. ఆయనకు ఇంకో భయం కూడా ఉండేది: సైకిలు కంపెనీలు. పోటీదారులకు జీతాలిచ్చేది, సైకిళ్ళిచ్చేది, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో తెరవెనుక తేల్చేది అవే. కొత్త పరికరం ఏదైనా వాటి చేతిలో ఆయుధమే. 1930లో ఆయన కంపెనీ జట్లను తీసేసి దేశాల జట్లను తెచ్చాడు. కంపెనీ పేరు లేని, ఒకే తీరు పసుపు రంగు సైకిళ్ళను తానే సరఫరా చేశాడు. యంత్రాలను సమానం చేస్తేనే మనుషుల మధ్య తేడా తెలుస్తుందన్న పాత సిద్ధాంతానికి అది పరాకాష్ఠ. ఆరేళ్ళ తరువాత అనారోగ్యంతో పగ్గాలు జాక్ గొదేకు అప్పగించాడు. 1937లో డీరైలర్లకు తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది రోజే లాపెబీ గెలిచిన సైకిలు మీద 'సూపర్ ఛాంపియన్' అనే గేరు ఉంది. దాన్ని తయారు చేసిన స్విస్ దేశీయుడు ఆస్కార్ ఎగ్, గంట రికార్డును మూడుసార్లు బద్దలుకొట్టిన పోటీదారుడే.

తరువాతి అధ్యాయం ఇటలీది. పందెంలో చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో రెక్కల నట్లు విప్పలేక ఓడిపోయిన తుల్యో కాంపగ్నోలో, మీట తిప్పితే చక్రం ఊడివచ్చే ఏర్పాటును కనిపెట్టాడని ఆయన కంపెనీ చెప్పుకునే కథ. కథలో వివరాల మీద తరువాతి పరిశోధకులు సందేహాలు వెలిబుచ్చారు. కంపెనీ మాత్రం 1933లో విచెంజాలో నిజంగానే పుట్టింది. దాని 'కాంబియో కోర్సా' గేరును ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. గేరు మార్చాలంటే పరుగులో ఉండగా చేయి వెనక్కి చాచి, సీటు కింది గొట్టానికున్న ఒక మీటతో వెనక చక్రం బిగింపును వదులు చేసి, పెడళ్ళను వెనక్కి తొక్కుతూ, రెండో మీటతో గొలుసును పక్క పళ్ళ మీదికి నెట్టి, చక్రం సర్దుకున్నాక మళ్ళీ బిగించాలి. 1948లో జీనో బర్తాలి ఈ సరంజామాతోనే కొండలెక్కి టూర్ గెలిచాడు. 1950 ప్రాంతాల్లో అదే కంపెనీ తెచ్చిన 'గ్రాన్ స్పోర్ట్' ఈ సర్కసుకు తెర దించింది. నాలుగు పలకల చట్రం ఒకటి పక్కలకు జరుగుతూ గొలుసును నడిపిస్తుంది. లాగేది ఒక తీగ, తీగ చివర ఫ్రేము కింది గొట్టం మీద ఒక చిన్న మీట. ఈనాటి ఎలక్ట్రానిక్ గేర్ల లోపలి చట్రం కూడా ఆ వంశానిదే.

ఆ మీటకు మెట్లు లేవు. రాపిడి పట్టుతో ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. గొలుసు సరిగ్గా కుదిరిందా లేదా అన్నది చెవికి తెలియాలి: కుదరకపోతే గరగరమంటుంది, కుదిరితే మౌనం. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, కిందికి వంగి, వేళ్ళతో వెతికి జరపాలి. నిలబడి తొక్కుతున్నప్పుడు కుదరదు. మూడు దశాబ్దాలకు పైగా లోకంలోని మేటి పోటీదారులంతా ఇలాగే గేర్లు మార్చారు.

జపాను సన్‌టూర్ కంపెనీ 1964లో ఆ చట్రాన్ని ఏటవాలుగా అమర్చి, గేరు మారడాన్ని ఎంతో సులువు చేసింది. ఇరవై ఏళ్ళ పేటెంటు గడువు 1984లో తీరింది. అదే ఏడాది షిమానో 'డ్యూరా-ఏస్' శ్రేణిలో ఏటవాలు చట్రానికి మెట్లున్న మీటను జోడించింది: ఒక క్లిక్కు, ఒక గేరు. చెవితో పని తీరిపోయింది. 1990లో గేరు మీటలు బ్రేకు మీటల్లోకే చేరాయి. చెయ్యి హ్యాండిల్ వదలనక్కరలేదు. కాంపగ్నోలో రెండేళ్ళలో తన పద్ధతిలో అదే చేసింది. సన్‌టూర్ మాత్రం నిలదొక్కుకోలేకపోయింది. చరిత్రలో ఇది కొత్త సంగతేమీ కాదు. పెడళ్ళ కథా ఆ కాలానిదే. పాదాన్ని తోలు పట్టీతో బిగించే పంజరం స్థానంలో, స్కీ బూట్లకు బిగింపులు చేసే లుక్ కంపెనీ 1984లో కొత్త పెడలు తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ ఈనో దానితోనే టూర్ గెలిచాడు.

క్లిక్కు మీట అందరికీ నచ్చింది కానీ, అది ఒక పాత స్వేచ్ఛను తీసుకుపోయింది. రాపిడి మీటకు ఏ కంపెనీ పళ్ళయినా, ఏ కంపెనీ గొలుసయినా ఒకటే. మెట్ల మీటకు తన లెక్కలో ఇమిడే తీగ, చట్రం, పళ్ళ మధ్య దూరం అన్నీ కావాలి. భాగాలు కొనడం పోయి 'సెట్టు' కొనడం మొదలైంది. పాత కొత్తల తగవులో అసలు చిక్కు ఇక్కడుందనిపిస్తుంది. వేగం గురించిన వాదనల్లో చాలావరకు ఈ చిక్కును కప్పిపుచ్చుకునే మాటలే.

అయినా మనిషా, యంత్రమా అన్న దెగ్రాంజ్ ప్రశ్న చావలేదు. 1989 టూర్ చివరి రోజున వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల ఒంటరి పరుగు. లోరాన్ ఫిన్యో 50 సెకన్ల ఆధిక్యంతో ఉన్నాడు. గ్రెగ్ లెమాండ్ ముంజేతులు ముందుకు చాచి ఆనించే కొత్త బారు మీద వంగి, కోసుగా ఉన్న శిరస్త్రాణం పెట్టుకుని బయలుదేరాడు. ఫిన్యో పాత తీరు బారుతో, జుట్టు ముడి గాలికి ఎగురుతుండగా తొక్కాడు. మూడు వారాల పందెం ఎనిమిది సెకన్ల తేడాతో లెమాండ్ వశమైంది. ఆ ఎనిమిది సెకన్లు కాళ్ళవా, బారువా అన్న తగవు నేటికీ తెగలేదు. ఫిన్యో సైకిలుకు రెండు చక్రాలూ గాలిని కోసే పళ్ళేల్లాంటి కొత్తరకం డిస్కులేననీ, లెమాండ్‌కు వెనక ఒక్కటేననీ ఆ తగవులో చాలామంది మరిచిపోతారు.

గంట రికార్డులో ఈ చిక్కు మరీ ముదిరింది. 1972లో మెక్సికో సిటీలో ఎడీ మెర్క్స్ మామూలు గుండ్రటి గొట్టాల సైకిలు మీద 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1984లో ఫ్రాంచెస్కో మోజెర్ డిస్కు చక్రాలతో 51.151 చేశాడు. 1993లో స్కాట్లాండుకు చెందిన గ్రేమ్ ఓబ్రీ, పాత వాషింగ్ మెషీను బేరింగులు కూడా వాడి తానే కట్టుకున్న సైకిలు మీద, చేతులు ఛాతీ కింద ముడిచి 51.596 సాధించాడు. వారం తిరక్కుండానే క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని దాటాడు. 1996లో బోర్డ్‌మన్ చేతులు ముందుకు బారచాచి 56.375కు చేరాడు. అప్పటికి అంతర్జాతీయ సైకిలు సమాఖ్యకు భయం పట్టుకుంది. 2000లో కాలాన్ని వెనక్కి తిప్పింది: గంట రికార్డు కావాలంటే మెర్క్స్ కాలపు తీరు సైకిలు మీదే తొక్కాలి, మిగిలినవన్నీ వేరే పద్దులోకి పోతాయి. ఆ అక్టోబరులో బోర్డ్‌మన్ మాంచెస్టర్‌లో పాత తీరు సైకిలు ఎక్కి 49.441 చేశాడు. మెర్క్స్ కంటే పది మీటర్లు ఎక్కువ. నాలుగేళ్ళ క్రితం తానే తొక్కిన దూరానికి దాదాపు ఏడు కిలోమీటర్లు తక్కువ. ఒకే మనిషి, ఒకే ఊరు. నాలుగేళ్ళ వయసునూ ఆనాటి దేహస్థితినీ మినహాయించుకున్నా, ఆ ఏడు కిలోమీటర్లలో అత్యధికం సరంజామాదీ, దాని మీద ఒళ్ళు ముడుచుకునే తీరుదీ. చరిత్రలో ఇంత శుభ్రమైన తూకం మరొకటి దొరకదు.

పాత సైకిలు నియమం పద్నాలుగేళ్ళు నిలిచింది. దాని కింద రికార్డును ప్రయత్నించినవారు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. 2014లో నియమం సడలగానే వరుస కట్టారు. 2022లో ఫిలిప్పో గన్నా 56.792 చేసి, బోర్డ్‌మన్ 1996 నాటి అంకెను కూడా దాటాడు. ఇదే సమాఖ్య 2000లోనే పందెం సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని విధించింది. డిస్కు బ్రేకులను 2016లో ఒక పందెంలో గాయం కారణంగా ఆపి, 2018లో పూర్తిగా అనుమతించింది. వానలో, కార్బన్ రిమ్ముల మీద, రబ్బరు ముక్కల పట్టు ఎంతటిదో తెలిసినవారు ఆ మార్పుకు విచారించరు.

టైర్ల విషయంలో కాలచక్రం తమాషాగా తిరిగింది. సన్నటి టైరులో గట్టిగా గాలి కొడితేనే వేగమని కొన్ని దశాబ్దాలు నమ్మారు; 23 మిల్లీమీటర్లు ప్రమాణమైంది. గరుకు దారిలో గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ శక్తిని వృథా చేస్తుందని పరీక్షల్లో తేలాక, నేటి పందేల్లో 28, ఆపైన వెడల్పులు వాడుతున్నారు. వెడల్పాటి మెత్తటి టైర్లను వెలోసియో వందేళ్ళ క్రితమే సమర్థించాడు.

పాత సరంజామాకు ఇప్పుడు గుడి కూడా ఉంది. టస్కనీలోని గయోలే ఇన్ కియాంతి ఊళ్ళో 1997లో 92 మందితో మొదలైన 'లెరోయికా' యాత్రకు 1987కు ముందరి సైకిలే ఉండాలి; గేరు మీటలు కింది గొట్టం మీద, పెడళ్ళకు పంజరం, తోలు పట్టీ, బ్రేకు తీగలు హ్యాండిల్ పైనుంచి గాలిలో వేలాడుతూ. దెగ్రాంజ్ ఆ సైకిళ్ళలో ఒక్కదాన్నీ తన పందెంలోకి రానిచ్చేవాడు కాదు. కాలిఫోర్నియాలో గ్రాంట్ పీటర్సన్ 1994లో స్థాపించిన రివెండెల్ కంపెనీ ఉక్కు ఫ్రేములనూ రాపిడి మీటలనూ జ్ఞాపకాల కోసం కాదు, రోజువారీ వాడకం కోసమే అమ్ముతోంది. మన ఊళ్ళలో రోడ్డు పక్క చెట్టు కింద రెండు పానాలు, సుత్తి, నీళ్ళ తొట్టితో కూర్చునే మనిషి ఏ కంపెనీ సైకిలునైనా బాగుచేసి పంపగలగడానికి కారణం అతని నేర్పు ఒక్కటే కాదు. ఏక గేరు సైకిలులో అతనికి కనిపించకుండా దాగి ఉండే భాగమేదీ లేదు.

2009లో షిమానో, 2015లో శ్రామ్ తెచ్చిన విద్యుత్ గేర్లలో తీగ లాగేపని మోటారుది. శ్రామ్ గేర్లలో తీగే లేదు. వేళ్ళకు శ్రమ లేదు, తుప్పు పట్టే కేబులు లేదు, గేరు తప్పడం అరుదు. బ్యాటరీ ఛార్జి చేసుకోవాలి, సర్దుబాటుకు ఫోను కావాలి. 2021లో వచ్చిన పన్నెండు గేర్ల డ్యూరా-ఏస్‌ను షిమానో విద్యుత్తు రూపంలో మాత్రమే విడుదల చేసింది. తీగతో నడిచే రూపం ఆ శ్రేణిలో లేదు. కింది గొట్టం మీది పాత రాపిడి మీటకు మాత్రం వెనక ఎన్ని పళ్ళచక్రాలున్నాయో తెలియనవసరం లేదు. తీగను చాలినంత దూరం లాగగలిగితే చాలు. పన్నెండైనా అది జరుపుతుంది, గరగర ఆగేదాకా.