ఉత్తరకాండ: భద్రాచల సీమ, తెలుగు పాఠకుల తీర్పులు

ఉత్తరకాండ వాల్మీకి రామాయణంలో ఏడవది, చివరిది. పట్టాభిషేకంతో ముగిసిన కథను ఇది మళ్లీ ఎత్తుకుంటుంది. రావణుడి పుట్టుపూర్వోత్తరాలు, నిండు చూలాలైన సీతను అడవిలో విడిచిపెట్టడం, కుశలవుల జననం, శంబూక వధ, సీత భూప్రవేశం, రాముడి నిర్యాణం ఇందులోనివే. రామాయణంలో తెలుగువారు ఇంతగా వాదులాడుకున్న కాండ మరొకటి లేదు. అది వాల్మీకిది కాదని తోసిపుచ్చిన పండితులు ఉన్నారు, పనిగట్టుకొని తెనిగించిన మహాకవులు ఉన్నారు, దాని మీద నిప్పులు చెరిగిన రచయితలూ ఉన్నారు. బండ్లు కట్టుకొని వెళ్లి సినిమా హాల్లో కన్నీళ్లు పెట్టుకున్న జనం మాత్రం ఈ వాదం జోలికి పోలేదు.

అరణ్యకాండ దగ్గర ఆగిన నేల

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వచ్చి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. నది వెంట ఎగువకు ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్తే దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల వస్తుంది. సీతారామలక్ష్మణులు వనవాసంలో ఉన్నది ఇక్కడేనని, రావణుడు సీతను ఎత్తుకుపోయింది ఇక్కడి నుంచేనని స్థానికుల నమ్మకం. సీతమ్మ వాగు ఒడ్డున రంగు చారలున్న రాళ్లను చూపించి, ఆమె చీరలు ఆరేసుకున్న గుర్తులని చెబుతారు. భద్రాచలాన్ని ఆనుకునే ఏటపాక ఉంది. దాన్నే జటాయుపాక అంటారు. రావణుడి రథానికి జటాయువు అడ్డుపడిన చోటు అదేనట. తెగిన రెక్క ఒకటి శబరి నది వైపు వరరామచంద్రపురం మండలంలోని రేఖపల్లి దగ్గర పడిందని, ఆ ఊరి అసలు పేరు రెక్కపల్లి అని చెప్పుకొంటారు. లేపక్షిదీ ఇలాంటి కథే. కేరళలోని చడయమంగళం కూడా జటాయువు తమ దగ్గరే పడ్డాడంటుంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం, పర్ణశాల తెలంగాణలో ఉండిపోయాయి, ఏటపాక, రేఖపల్లి అవతలికి పోయాయి. సీతను ఎత్తుకుపోయిన చోటు ఒక రాష్ట్రానిది, అడ్డుకున్న చోటు మరో రాష్ట్రానిది అయ్యాయి.

జటాయువును యుద్ధవీరుడిగానే తలుచుకోవడం మనకు అలవాటు. వాల్మీకి మాత్రం ముందు అతడి చేత మాట్లాడించాడు. అరణ్యకాండలో ఆ ముసలి గద్దరాజు తానెవరో చెప్పుకొని, పరస్త్రీని తాకడం రాజుకు తగదని, మోయగలిగిన బరువునే ఎత్తుకోవాలని, అరిగే తిండే తినాలని రావణుడికి నచ్చజెబుతాడు. తన వయసు అరవై వేల ఏళ్లని, తన చేత ఆయుధం లేదని, అయినా చూస్తూ ఊరుకోనని అంటాడు. సామం చెల్లలేదు కాబట్టే పోరుకు దిగాడు. పాశ్చాత్య కాల్పనిక కథల్లో సింహం ఒళ్లూ గద్ద తలా ఉన్న గ్రిఫిన్ సాధారణంగా నిధికి కాపలా కాస్తుంది. మన గద్ద కాపలా కాసింది స్నేహితుడి కోడలికి, ఎందుకంటే జటాయువు దశరథుడి చెలికాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ సీమలో పేరుపడ్డ రామాయణ స్థలాలన్నీ అరణ్యకాండవే. భద్రాచలం రాముడి గుడి ఉత్సవాలు చూస్తే చైత్ర శుద్ధ నవమి నాడు కల్యాణం, మర్నాడు దశమి నాడు మహాపట్టాభిషేకం. ముక్కోటికి తెప్పోత్సవంలో స్వామి హంస వాహనం మీద గోదావరిలో విహరిస్తాడు. ఆ తర్వాతి కథ ఊసు ఈ పండుగల్లో ఉండదు. 17వ శతాబ్దిలో ఈ గుడి కట్టించి గోల్కొండ చెరలో మగ్గిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, రాముడికి చెప్పి తనను విడిపించమని సీతమ్మకే మొర పెట్టుకుంటూ పాడాడు. ఆమె చెబితే ఆయన కాదనలేడన్నది ఆ భక్తుడి లెక్క. ఉత్తరకాండ చదివినవాడికి ఆ లెక్క కుదరదు.

దూతలు, పక్షులు

వాదమంతా సీత చుట్టూ, శంబూకుడి చుట్టూ తిరగడం వల్ల ఈ కాండలో చాలా భాగం పాఠకుల కంట పడకుండా పోయింది. దాదాపు మొదటి సగం అగస్త్యుడు రాముడికి చెప్పిన రాక్షస చరిత్ర. కుబేరుడు తమ్ముడి ఆగడాలు విని, బుద్ధి చెప్పమని దూతను లంకకు పంపుతాడు. రావణుడు ఆ దూతను కత్తితో నరికి రాక్షసులకు ఆహారంగా వేసి, కైలాసం మీద దండెత్తుతాడు. సుందరకాండలో హనుమంతుణ్ణి చంపమన్నది ఈ రావణుడే. దూతను చంపకూడదని విభీషణుడు అడ్డు చెప్పడం వల్లే శిక్ష తోకతో సరిపోయింది. రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే విభీషణుడి మాటకు బరువు పెరుగుతుంది. కొనసాగింపుగా ఈ కాండ చేసిన మేలు ఇదేనని నాకు తోస్తుంది.

మరుత్తుడనే రాజు చేస్తున్న యజ్ఞానికి రావణుడు వచ్చినప్పుడు దేవతలు పక్షుల్లో, జంతువుల్లో దాక్కుంటారు. ఇంద్రుడు నెమలి, యముడు కాకి, వరుణుడు హంస, కుబేరుడు తొండ అవుతారు. గండం గడిచాక ఆయా జీవాలకు వరాలిస్తారు. నెమలి ఈకల మీది కళ్లు ఇంద్రుడు ఇచ్చినవేనట.

గద్ద, గుడ్లగూబల తగువు అన్నిటికంటే చిత్రమైనది. గూడు నాదంటే నాదని రెండూ రాముడి సభకు వస్తాయి. భూమి మీద మనుషులు పుట్టినప్పటి నుంచీ అది తనదని గద్ద అంటుంది. చెట్లు మొలిచినప్పటి నుంచీ తనదని గుడ్లగూబ అంటుంది. రాముడు మంత్రులను సంప్రదించి, సృష్టిలో చెట్లే ముందు వచ్చాయి కాబట్టి గూడు గుడ్లగూబదని తేలుస్తాడు. గద్దను దండించబోతే, అది శాపం వల్ల అలా అయిన బ్రహ్మదత్తుడనే రాజని తెలుస్తుంది. శాపమూ తీరుతుంది. ఈ కథ ఉన్న ప్రతుల్లోనూ దాన్ని ప్రక్షిప్త సర్గగానే అచ్చువేస్తారు. బరోడా ప్రాచ్య పరిశోధన సంస్థ వారి పరిష్కృత ప్రతి దీన్ని అనుబంధంలోకి నెట్టింది. శాస్త్రీయంగా అది సరైన పనే. కథగా మాత్రం నష్టమే.

కవులు వేసిన ఓటు

బాలకాండ ఆరంభంలో వాల్మీకి ఆరు కాండలూ ఉత్తరమూ రచించాడని ఉంది. యుద్ధకాండ చివర ఫలశ్రుతి ఉంది. మహాభారతం అరణ్యపర్వంలోని రామోపాఖ్యానం పట్టాభిషేకంతోనే ఆగుతుంది. ఇలాంటి ఆధారాలు చూపి 1893లో జర్మన్ పండితుడు హెర్మన్ యాకోబి మొదలైనవారు బాల, ఉత్తర కాండల్లో చాలా భాగం తర్వాత చేరిందన్నారు.

తెలుగు కవులు దీని మీద వ్యాసాలు రాయలేదు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి తమ అభిప్రాయం చెప్పారు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం యుద్ధకాండతో ముగిసింది. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠ్ఠలరాజు ద్విపదలోనే పూర్తిచేశారు. భాస్కర రామాయణం, మొల్ల రామాయణం పట్టాభిషేకం దాటలేదు. 20వ శతాబ్దిలో విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం కూడా ఆరు కాండలే.

తిక్కన దారి వేరు. 13వ శతాబ్దిలో ఆయన పూర్వకథను వదిలేసి నేరుగా కొనసాగింపునే తీసుకొని, వచనం లేకుండా నిర్వచనోత్తర రామాయణం రాసి నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. కానీ రాముడి నిర్యాణం దగ్గర ఆయన కలమూ ఆగింది. పది ఆశ్వాసాల ఆ కావ్యానికి తర్వాతి కవి ఒకరు పదకొండోది కలిపి లోటు తీర్చారు. 18వ శతాబ్దిలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం రాశాడు. ఈ కాండ కథతోనే లవకుశ సినిమా 1934లో ఒకసారి, 1963లో రంగుల్లో మరోసారి వచ్చింది. రెండోది పూర్తి నిడివి రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రం.

ఎదురు చదువులు

1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి శంబూకవధ నాటకం రాశారు. తపస్సు చేసినందుకు శూద్రుడి తల తీసిన రాజు ధర్మాన్ని అది నిలదీసింది. రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం 1974 నుంచి వెలువడి మొత్తం కథనే తిరగదిప్పింది. ఆ పేరు కల్పవృక్షానికి జవాబని వేరే చెప్పనక్కరలేదు.

అంతకు చాలా ముందే ఆడవాళ్లు తమ పాటల్లో తమ తీర్పు చెప్పుకున్నారు. పండితుల ఉత్తరకాండలో సీతను విడిచిపెట్టడానికి కారణం లోకనింద. పాటల్లో కారణం శూర్పణఖ. ఆమె సన్యాసిని వేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటుంది. తల ఎత్తి చూడలేదు కాబట్టి సీత కాలి బొటనవేలు మాత్రం గీస్తుంది. మిగతాది శూర్పణఖ పూర్తిచేసి ప్రాణం పోయిస్తుంది. ఆ బొమ్మ ఎంత చెరిపినా చెరగదు, చివరికి రాముడి కంట పడుతుంది. కృష్ణశ్రీ సంకలనం చేసిన స్త్రీల రామాయణపు పాటల ఆధారంగా వెల్చేరు నారాయణరావు ఈ సంప్రదాయాన్ని విశ్లేషించారు. ఈ పాటల్లో రాముడు అనుమానం మనిషి, సీత ఇంటిల్లిపాదికీ ఇష్టమైన కోడలు.

పాటల్లో పగబట్టిన ఆ శూర్పణఖే ఓల్గా కథ ‘సమాగమం’లో స్నేహితురాలైంది. వాల్మీకి ఆశ్రమంలో బిడ్డలను పెంచుకుంటున్న సీత అడవిలో ఆమె పెంచిన తోటను చూస్తుంది, ఆమెతో మాట్లాడుతుంది. రాముడి ఒక్క వాక్కుతో ముక్కుచెవులు పోయిన స్త్రీ, ఇల్లు పోయిన స్త్రీ ఒకరి కథ ఒకరు వింటారు. ఈ కథ ఉన్న ‘విముక్త’ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.