గాజుపిట్టకు రాగికాళ్లు

ఇటలీదేశమున మురానో ద్వీపమందలి విస్తోసీ కార్ఖానా కొఱకు, 1962 ప్రాంతమున, అలెస్సాండ్రో పియానోన్ అను రూపశిల్పి కల్పించిన ఐదు గాజుపిట్టల ఛాయాచిత్రమును చూచినది మొదలు నా మనస్సు వానిని విడువకున్నది. ఊదిన గాజుతో బొద్దుగా నిలిచిన దేహము, రంగుల గాజుబిళ్లల కన్నులు, దేహము క్రింద సన్నని రాగితీగ కాళ్లు! కొండగట్టు అంజన్న నీడన పెరిగి, కరీంనగరు అవుసలవారి వెండితీగపని చూచుచు వచ్చిన నాకు, ఆ తీగకాళ్లు చుట్టఱికము కలిపినట్లు తోచెను.

అగ్నిభయముచే వెనిసు ప్రభుత్వము గాజు బట్టీలను మురానోకు తరలించినది 1291లో. పిమ్మటి వైభవమును, 1797లో గణరాజ్యము కూలుటను, ఆ తరువాతి క్షీణదశను ఒక్క అంగలో దాటుచున్నాను. ఏలయన నా మక్కువ యంతయు 1921 తరువాతి నలువది చిల్లర యేండ్ల మీదనే.

ఆ యేట పావ్లో వెనీని అను న్యాయవాదియు, జాకోమో కప్పెల్లిన్ అను పురాతనవస్తు వర్తకుడును కూడి కార్ఖానా స్థాపించిరి. కొన్నాళ్లకు అచ్చట చేరిన మార్తినుజ్జి అను శిల్పి, గాజున బుడగ కనబడుట దోషమను తరతరాల నమ్మకమును త్రోసిపుచ్చి, కరిగిన ముద్దలో కావలెననియే బుడగలు పొంగించి, నురుగు గట్టినట్లున్న ఆ గాజుతో జంతువులను మలచెను. గాజు చల్లబడి బిగియకముందే పట్టకారుతో ముక్కు లాగి, తోక నొక్కి, బొమ్మను మెల్లమెల్లగా చల్లార్చు గూటిలో నుంచవలెను, తొందరపడిన పగులును. 1964లో జంతుచిత్రకారుని కుమారుడగు తోని జుక్కేరి, వెనీని కార్ఖానాలోనే గాజును కంచుతో జతపఱచి టర్కీకోళ్లను, గిన్నికోళ్లను సృజించెను.

సంగ్రాహకుడు పిట్ట చేజిక్కగానే తలక్రిందులు చేసి చూచును. అడుగున ఆమ్లముతో చెక్కిన వెనీని ముద్ర యున్న అదృష్టమే. అనేక కార్ఖానాలవారు కాగితపు చీటీ మాత్రమే యంటించిరి. అది యూడుటతో పుట్టుక చెప్పు సాక్షి లేకపోయెను.

వెనిసుగాజు మన సాలార్‌జంగ్ మ్యూజియమునందును గలదు. అయిన నేనడుగునది మన కరీంనగరు వెండితీగ నెమలిని గూర్చి. వెంట్రుకవంటి రెండు వెండితీగలను పురిపెట్టి, చదునుగా గొట్టి, చట్రములో ఱెక్క తరువాత ఱెక్కగా అమర్చి అతుకుదురు. ఈ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని మన ఇండ్లలో పాత వెండి తూకమునకు పోయి కరుగును. దానితోపాటు చేసినవాని పనితనమును కరుగును. ఇది నాకు తీరని బాధ.

తప్పిపోయిన పశువును వెదకుచు వచ్చిన సంజీవుడను కాపరికి అంజన్న దర్శనమిచ్చెనని మా కొండగట్టు స్థలపురాణము. ఎక్కడి గాజుపిట్టనో వెదకబోయిన నాకు ఇంటి నెమలియే యెదురైనది. దానిని కొనువారు ధరతోపాటు పనివాని పేరును, సంవత్సరమును అడిగి వ్రాసికొందురు గాక. మురానో పిట్టల చరిత్ర నేడు చెప్పగలుగుచున్నామన్న, ఎవరో ఆ మాట అడిగియుండుట చేతనే.