పులుపు ఎవరి పని?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మరిపెడ బంగ్లా చుట్టుపక్కల ఊళ్లలో కల్లు తాగేవాళ్లకు నాలుక పట్టింపు ఎక్కువ. మండువలో కూర్చుని తాటాకు రేకలో మొదటి గుటక వేయగానే "గౌడన్నా, ఇయ్యాల పులుపెక్కిందేందే?" అని నిలదీస్తారు. చెట్టు నిన్నటిదే, గెల కొస పల్చగా చెక్కిన కత్తీ నిన్నటిదే. ఆయన మాత్రం చెట్టు వంక చూడడు. లొట్టి వంపి అడుగు చూస్తాడు. కడిగినప్పుడు మడ్డి మిగిలిందా, ఎండలో సరిగ్గా ఆరిందా, దించడం పొద్దెక్కిందా అని ఆరా తీస్తాడు. తప్పు పాత్రలోనో వేళలోనో ఉందని తాతల నాటి నుంచి గీత కార్మికులకు ఎరుకే. ఆ పాత్రలో ఉన్నదేమిటో కళ్లతో చూడటానికి మాత్రం సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది.

1856లో ఫ్రాన్సులోని లిల్ పట్టణంలో బిగో అనే వ్యాపారి బీట్‌రూట్ రసంతో సారాయి తీసేవాడు. కొన్ని తొట్లలో రసం చక్కగా పొంగి సారాయి దిగేది, పక్క తొట్లలో పుల్లబడి జిగురుగా మారి నష్టం తెచ్చేది. కొడుకు చదివే కాలేజీలో లూయీ పాశ్చర్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు ఉన్నాడని తెలిసి ఆయన దగ్గరికి వెళ్లాడు.  పాశ్చర్ రోజూ ఫ్యాక్టరీకి పోయి, మంచి తొట్టి నుంచి ఒక చుక్క, చెడిన తొట్టి నుంచి ఒక చుక్క తెచ్చి అద్దం కింద పెట్టి చూశాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు మొగ్గలు తొడుగుతున్నాయి. చెడిన దానిలో వాటికంటే చాలా చిన్నవి, సన్నటి కడ్డీల్లాంటివి కిక్కిరిసి ఉన్నాయి. అక్కడ తయారవుతున్నది సారాయి కాదు, లాక్టిక్ ఆమ్లం. పాలు పెరుగైనప్పుడు పుట్టే పులుపే అది. మరుసటి ఏడు, 1857లో, ఆ పులుపు కూడా ఒక ప్రాణి చేసే పనేనని పాశ్చర్ ప్రకటించాడు. పులియడం ఉత్త రసాయన చర్య అని వాదించిన జర్మన్ పండితుడు లీబిగ్‌కు అది అస్సలు మింగుడు పడలేదు.

బీరు వంతు రావడానికి ఒక యుద్ధం జరగాల్సి వచ్చింది. 1870-71 యుద్ధంలో జర్మన్ల చేతిలో ఫ్రాన్సు ఓడిపోయింది. బీరు విషయంలోనైనా వాళ్ల మీద పైచేయి సాధించాలని పాశ్చర్ పంతం పట్టాడు. ఇంత గొప్ప శాస్త్రం ఇంత చిన్న కసితో మొదలైందంటే నాకు తమాషాగా ఉంటుంది. 1871లో లండన్ వెళ్లి విట్‌బ్రెడ్ బ్రూవరీలో నల్లటి పోర్టర్ బీరు ఈస్టును అడిగి చూశాడు. అందులో జబ్బు తెచ్చే సన్నటి తీగల్లాంటి సూక్ష్మజీవులు కనిపించాయి. ఈ బీరు మీద ఇప్పటికే ఫిర్యాదులు వచ్చి ఉండాలని అంటే, నిజమేనని అక్కడివాళ్లు ఒప్పుకోక తప్పలేదు. వారం తిరక్కుండా మళ్లీ వెళ్తే వాళ్లు సొంతంగా సూక్ష్మదర్శిని కొని పెట్టుకున్నారు, పాత ఈస్టును మార్చేశారు. ఆ అనుభవాలన్నీ కలిపి 1876లో ఆయన బీరు మీద పుస్తకం తెచ్చాడు. రుచి చెడితే బాక్టీరియాను వెతకండి, పాత్రలు శుభ్రం చేయండి, బయటి గాలి తగలనివ్వకండి అని అందులోని సారం.

కానీ శుభ్రంగా ఉన్న చోట కూడా బీరు చెడుతూనే వచ్చింది. 1883లో కోపెన్‌హాగన్‌లో పేరున్న కార్ల్స్‌బర్గ్ బీరే వెగటు చేదు, చెడు వాసన పట్టింది. దాని యజమాని జాకబ్‌సెన్ 1875లోనే ఒక పరిశోధనశాల పెట్టి ఉన్నాడు. అక్కడ పనిచేసే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఈస్టును తరచి చూసి, దొంగ బాక్టీరియా కాదు, ఈస్టులోనే ఉందన్నాడు. మంచి ఈస్టు మధ్య అడవి ఈస్టు చొరబడి కాపురం పెట్టింది. చూపుకు రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి, అందుకే పాశ్చర్ అద్దానికి చిక్కలేదు. హాన్సెన్ ఈస్టు నీళ్లను పల్చన చేస్తూ పోయి, ఒక్క కణం మాత్రమే మిగిలేదాకా విడదీసి, దాని సంతానాన్నే పెంచాడు. ఆ ఏడు నవంబర్ 12న ఆ శుద్ధ ఈస్టును బ్రూవరీలో వేశారు. బీరు బాగుపడింది. జాకబ్‌సెన్ ఆ ఈస్టును దాచుకోకుండా ఇతర బ్రూవరీలకు ఇచ్చేశాడు. ఆయన పరిశోధనశాల నియమాల్లోనే కనుగొన్నదేదీ రహస్యంగా ఉంచరాదని ఉంది.

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ఇప్పుడు వాసన పట్టే దోషిని పేరు పెట్టి పిలుస్తారు. వెన్న వాసన వస్తే డయాసిటైల్. ఈస్టు పని పూర్తి కాకముందే చల్లార్చారన్నమాట, లేదా లాక్టిక్ బాక్టీరియా చేరింది. పచ్చి ఆపిల్ వాసన అసిటాల్డిహైడ్‌ది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలినట్టు. సీసా ఎండలో పెడితే బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలలోని పదార్థం విరిగి దుర్గంధం పుడుతుంది, అందుకే గోధుమ రంగు సీసాలు. ఈ పట్టికలో లొట్టికి కూడా చోటుంది, కాకపోతే తలకిందులుగా.

కల్లుకు శుద్ధ ఈస్టు ఎవరూ వేయరు. గెల నుంచి చుక్కచుక్కగా దిగే తీపి రసంలో చక్కెర పది శాతం పైమాటే. లొట్టి గోడల నుంచి, ఈగల కాళ్ల నుంచి, గాలి నుంచి సూక్ష్మజీవులు వచ్చి పడతాయి. మొదట లాక్టిక్ బాక్టీరియా, తరవాత ఈస్టు విజృంభిస్తాయి. ఆలస్యమైతే గాలి కోరే ఎసిటిక్ బాక్టీరియా వచ్చి సారాయిని వెనిగర్ చేస్తుంది. పొద్దుటి కల్లు మాపటికి గొంతు కోసేలా ఉండటం అందుకే. వీటి నడుమ జైమోమోనాస్ అనే ఇంకో బాక్టీరియా ఉంటుంది. దాన్ని 1912లో ఇంగ్లండులో బార్కర్, హిల్లియర్ సైడర్ అనే ఆపిల్ పానీయం జబ్బుకు కారణంగా గుర్తించారు. బీరులో పడితే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. 1924లో లిండ్‌నర్ అనే జర్మన్ దాన్ని మెక్సికోలో కిత్తనార జాతి మొక్క రసంతో చేసే పుల్కేలో చూశాడు. అక్కడ అది జబ్బు కాదు, పానీయాన్ని తయారు చేసే చేయి. మన తాటి రసంలోనూ అంతే. ఒకచోట తరిమేసేది మరోచోట ఇంటి మనిషి. (మత్తు మందులు కలిపి కల్లు పేరుతో అమ్మే తెల్లనీళ్ల సంగతి వేరు. అది రుచి చెడటం కాదు, నేరం.)

పులియడమే వద్దనుకుంటే గీత కార్మికుడు లొట్టి లోపల సున్నం పూస్తాడు. దిగిన రసం క్షారంగా ఉండి సూక్ష్మజీవులు త్వరగా పెరగవు, అదే నీరా. బెల్లం వండాలన్నా ఇదే దారి, ఎందుకంటే పుల్లబడిన రసంలో చక్కెర విడిపోయి బెల్లం గట్టిపడదు. ఆమ్లమెంత, క్షారమెంత అని కొలిచే పీహెచ్ లెక్కను 1909లో సోరెన్‌సెన్ కనిపెట్టింది ఆ కార్ల్స్‌బర్గ్ పరిశోధనశాలలోనే. సున్నం పూత అంతకంటే ముందుది. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. సున్నం పూసినా పూయకున్నా, చెట్టు దిగిన రసాన్ని పులియకుండా నగరం దాకా చేర్చాలంటే చల్లదనమే దిక్కు.