ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు

మొన్న ఆగస్టులో మా వంటింటి అల్మారా తలుపొకటి ఊడి కిందపడింది. తప్పు నాదే. పైఅరలో ఉన్న చింతపండు డబ్బా కోసం స్టూలెక్కి, తూలి, తలుపు పట్టుకుని వేలాడాను. బందు దగ్గర స్క్రూలు ఊడొచ్చాయి. తలుపు గ్రానైట్ అంచుకు తగిలి మధ్యపలక నిలువునా చీలింది. నాకేమీ కాలేదు.

"దానికేముందమ్మా, ఆచారిని పిలిస్తే పూటలో చేసిపెట్టి పోతాడు" అన్నారు తెనాలి నుంచి నాన్న. ఆయన లెక్కలో తలుపంటే కాస్త చెక్క, ఒక రంపం, ఒక చిత్రిక, ఒక మనిషి. మా ఫ్రీమాంట్‌లో తలుపంటే కేటలాగులో ఒక నంబరు. అల్మారా లోపల అంటించిన చీటీ మీద ఆ నంబరు చూసి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఆ మోడల్ ఆపేసి చాలా ఏళ్లయిందని. ఆ మాటే నాన్నకు చేరవేశాను.

"ఆపేయడమేమిటి? ఆ దేశంలో చెక్క లేదా?"

ఆయన వెటకారానికే అన్నారు. నేను మాత్రం ఆ ప్రశ్న పట్టుకుని రెండు నెలలు తిరిగాను.

మా ఇల్లు 1986లో కట్టింది. ఫ్రీమాంట్ అనే ఊరే అంతకు ముప్పై ఏళ్ల ముందు పుట్టింది. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు పల్లెలు 1956లో కలిసి ఒక నగరమయ్యాయి. 1960 జనాభా లెక్కల్లో 43,790 మంది, పదేళ్లకు లక్ష దాటారు, 2020కి 2,30,504. పండ్లతోటలు కొట్టేసి వేసిన ఈ వీధుల్లో ఇళ్లు ఒక్కొక్కటిగా లేవలేదు. ఒక బిల్డరు ఒకేసారి వంద ఇళ్లు కడతాడు, నాలుగైదు నమూనాల్లో. అందరి వంటిళ్లకూ తలుపులు ఒకే లారీలో వస్తాయి. ఆ రోజుల్లో ఆ లారీలో వచ్చినవి తేనెరంగు ఓక్ తలుపులు. మధ్యపలక ఉబ్బెత్తుగా, పైన చర్చి కిటికీలా వంపు తిరిగి ఉంటుంది. కేథడ్రల్ తలుపు అంటారు. అమెరికాలో 1980లలో కట్టిన చాలా వంటిళ్లలో కనిపించేది అదే.

ఓక్ చెక్కే ఎందుకు? అక్కడే మొదలవుతుంది అసలు కథ. ఈ దేశపు తూర్పు కొండల్లో ఒకప్పుడు చెస్ట్‌నట్ చెట్లదే రాజ్యం. తేలిక చెక్క, పుచ్చదు. ఊయల దగ్గర నుంచి శవపేటిక దాకా దానితోనే చేసేవాళ్లు. ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతో పాటు ఒక బూజు తెగులు వచ్చింది. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో దాన్ని మొదట గుర్తించారు. యాభై ఏళ్లలో 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. చెస్ట్‌నట్ ఖాళీ చేసిన చోట చాలావరకు ఓక్ లేచింది. అలా లేచిన చెట్లు కోతకు వచ్చేసరికి, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లకు లక్షల వంటిళ్లు కావలసి వచ్చాయి. ఓక్ చవక, గట్టి, పుష్కలం. పైగా దాని ముతక గీతలు లోపాలను దాచేస్తాయి. నాన్నా, చెక్క ఉంది. ఒక చెట్టు చచ్చిపోవడం వల్ల ఉంది.

చెట్టు కోసం ఈ దేశం పడిన హైరానాను గుర్తుచేసేది ఒకటి మా ఇంటికి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. ఆర్డెన్‌వుడ్ పాత పొలంలో నీలగిరి చెట్ల తోపు. శీతాకాలంలో మోనార్క్ సీతాకోకచిలుకలు వచ్చి గుత్తులుగా వేలాడతాయి, చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్తాం. 1907 ప్రాంతంలో దేశంలో గట్టి కలపకు కరువొస్తుందని గోల పుట్టింది. అంతే, కాలిఫోర్నియా అంతటా నీలగిరి నాటారు. రచయిత జాక్ లండన్ కూడా తన పొలంలో వేల మొక్కలు వేశాడు. తీరా కోస్తే లేత నీలగిరి చెక్క మెలికలు తిరిగి పగుళ్లిచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఆ వ్యాపారం చతికిలబడింది. చెట్లు మాత్రం మిగిలాయి. ఆ జూదం గెలిచి ఉంటే మా వంటిల్లు నీలగిరి చెక్కతో ఉండేదేమో.

ఓక్‌కు ముందు ఉక్కు వచ్చింది. మనకు గోద్రెజ్ బీరువా ఎలాగో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఇల్లాలికి ఉక్కు వంటిల్లు అలాగ. ఒహాయోలోని వారెన్‌లో మల్లిన్స్ అనే కంపెనీ 'యంగ్స్‌టౌన్ కిచెన్స్' పేరుతో తెల్ల ఎనామెల్ అల్మారాలు గుద్ది అమ్మింది. తర్వాత చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకలు చవకగా రావడం మొదలయ్యాక ఉక్కు తలుపు వంటింట్లోంచి తప్పుకుంది. ఇప్పుడు అవే పాత డబ్బాలను మురిపెంగా వెతికి కొనుక్కునేవాళ్లున్నారు.

సరే, మా వంపు తలుపు సంగతి. తలుపులో ఐదు ముక్కలుంటాయి: రెండు నిలువు కమ్మీలు, రెండు అడ్డ కమ్మీలు, మధ్యలో పలక. అంతా నలుచదరమైతే మిషను తిన్నగా చీల్చుకుంటూ పోతుంది. పై కమ్మీ వంపు తిరగాలంటే వెడల్పాటి చెక్క తీసుకోవాలి, అందులో కొంత పొట్టుగా పోతుంది. ప్రతి వెడల్పుకూ వేరే అచ్చు కావాలి, ఆ వంపుకు సరిపడే కత్తి బ్లేడు కావాలి. ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కు మారినప్పుడల్లా మిషను ఆపి బ్లేడు మార్చాలి. వంపు లోపల ఇసుక కాగితం పట్టడానికి మనిషి చెయ్యి కావాలి. రోజుకు వెయ్యి తలుపులు చేసినప్పుడు ఇదంతా సరిపోతుంది. పది చేసేటప్పుడు బ్లేడు మార్చే టైమే తలుపు ధరను మింగేస్తుంది. దీనిమీద నాలుగు రకాల చెక్క, ఎనిమిది రంగులు అనుకోండి. ఒక్క డిజైన్‌కే ముప్పై రెండు రకాలయ్యాయి, ఇంకా కొలతల దాకా రాలేదు.

ఇక్కడ ఇంకో విచిత్రముంది. చాలా అల్మారా కంపెనీలు తలుపులు తాము చేయవు. తలుపులు మాత్రమే చేసే కంపెనీల దగ్గర కొంటాయి. పెన్సిల్వేనియాలోని కానెస్టోగా అలాంటిదే. మెన్నోనైట్ క్రైస్తవ కుటుంబం నడిపే ఈ తలుపుల కంపెనీ, ఉద్యోగుల బీమాలో కొన్ని గర్భనిరోధక సాధనాలకు డబ్బివ్వడం తమ మతానికి విరుద్ధమని సుప్రీంకోర్టుకెక్కి, 2014లో గెలిచింది. వంటింటి తలుపు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లడం ఈ దేశంలోనే చూశాను. తలుపు కంపెనీ ఆపేస్తే దాని మీద ఆధారపడ్డ అల్మారా కంపెనీ కూడా కేటలాగులో ఆ పేజీ చింపాల్సిందే. తెల్ల ప్లాస్టిక్ పొర అతికించిన తలుపులదీ ఇదే బాధ. 1990లలో అవంటే మోజు. పొర చేసేవాడు వేరే, అతికించేవాడు వేరే. వాడు ఆ రంగు చుట్టలు ఆపేస్తే వీడి చేతిలో ఏమీ ఉండదు. (మన తాలింపుల పక్కన ఆ పొర ఎన్నాళ్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు.)

జిగురు సంగతి కూడా చెప్పాలి. అదిమిన చెక్కలోంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. 2005లో కత్రినా తుపాను బాధితులకు ప్రభుత్వమిచ్చిన ట్రైలర్లలో జనం కళ్లు మండి, ఊపిరాడక ఫిర్యాదు చేసినప్పుడు ఇది దేశమంతా తెలిసింది. 2007లో కాలిఫోర్నియా పరిమితులు పెట్టింది, 2010లో దేశమంతటికీ చట్టమొచ్చింది. కొత్త జిగురు, కొత్త పరీక్షలు. బాగా అమ్ముడయ్యే మోడల్‌కు ఆ ఖర్చు పెడతారు. మూలన పడ్డదానికి పెట్టాలా అన్న లెక్క వస్తుంది.

ఆ లెక్క గట్టిగా వేసుకోవాల్సిన రోజు ఇళ్ల మార్కెట్ కూలినప్పుడు వచ్చింది. 2005లో దేశంలో 20 లక్షలకు పైగా ఇళ్లు మొదలుపెట్టారు. 2009లో ఐదున్నర లక్షలు. అదే ఏడాది మా ఊరి కారు ఫ్యాక్టరీ కథా ముగింపుకొచ్చింది. జనరల్ మోటార్స్, టయోటా కలిసి 1984 నుంచి నడిపిన 'నమ్మి' (NUMMI) అది. దివాలా తీసిన జీఎం పాంటియాక్ అనే పేరునే మూసేసింది. ఫ్రీమాంట్‌లో తయారయ్యే పాంటియాక్ వైబ్ ఆగింది. భాగస్వామి వెళ్లిపోయాక టయోటా ఒంటరిగా నడపనంది. 2010 ఏప్రిల్ 1న చివరి కొరోలా బయటికి వచ్చింది, సుమారు 4,700 ఉద్యోగాలు పోయాయి. ఆ షెడ్డునే టెస్లా కొన్నది. కారైతే ఊరంతా ఏడ్చింది. ఓక్ తలుపు ఆగితే ఎవరూ ఏడవలేదు.

దాని స్థానంలో వచ్చింది షేకర్ తలుపు. చదునైన పలక, చుట్టూ చదరపు చట్రం, వంపుల్లేవు, చెక్కడాల్లేవు. 1774లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆన్ లీ అనే ఆవిడ వెంట నడిచిన మతస్థులు షేకర్లు. ఆడా మగా అందరూ బ్రహ్మచారులు. అలంకారం గర్వమని నమ్మి నిరాడంబరంగా సామాను చేసుకున్నారు. పిల్లల్ని కనలేదు కనుక వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. తలుపు మాత్రం ఇంటింటికీ పాకింది. ఫ్యాక్టరీవాడికి కావలసిందీ అదే. తిన్నటి గీతలు, మధ్యలో అదిమిన చెక్కనారతో చేసిన ఎండీఎఫ్ పలక, పైన తెల్ల పెయింటు. పెయింటు కింద ఏ చెక్క ఉందో ఎవరడుగుతారు? వైరాగ్యం ఇంత లాభసాటిగా ఉంటుందని ఆన్ లీ ఊహించి ఉండదు. పసుపు మరక పడితే మాత్రం ఆ తెలుపు మీద జన్మకు పోదు, ఇది మా స్నేహితురాళ్లందరి ఉమ్మడి అనుభవం.

ఇదంతా విన్నాక నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా తాతగారింటి వీధి తలుపు గుర్తుచేశారు. అది బర్మా టేకు. రంగం (రంగూన్) నుంచి ఓడల్లో కలప వచ్చే రోజుల్లో చేయించింది. 1942లో జపాను సేనలు బర్మాలోకి దిగాక ఆ కలప ఆగిపోయింది. ఆ ఇంటి పెరటి తలుపు తర్వాత చేయించిందట, అది వేప. "అప్పుడు మాకెవరూ నంబరు చెప్పలేదు, ఆచారే చెప్పాడు, ఆ చెక్క ఇక రాదని" అన్నారు. హైదరాబాదులో మా చెల్లి మాడ్యులర్ కిచెన్‌కు సన్‌మైకా ముక్క కోసం తిరిగినా అదే జవాబు: "ఆ షేడ్ ఆగిపోయింది మేడమ్."

నా తలుపు దొరికింది. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఒక చట్టం చేసుకున్నారు. ఇంటి పన్ను కొన్నప్పటి ధర మీదే లెక్కేస్తారు, ఏడాదికి 2 శాతానికి మించి పెంచరు. అందుకని పాతకాపులు ఇల్లు అమ్మరు, వంటిల్లు మార్చుకుంటారు. పక్కవీధి అఫ్గాన్ పెద్దాయన అదే పని చేస్తున్నాడు. ఆయన ఇంటి ముందు చెత్త లారీ డబ్బాలో మా తలుపులే, అదే తేనెరంగు, అదే వంపు, అదే నంబరు చీటీ. అడిగితే నవ్వి "అన్నీ తీసుకుపో అమ్మాయ్" అన్నాడు.

ఇరవై రెండు తలుపులు మా గరాజ్‌లో గోడకు ఆనించి ఉన్నాయి. ఒకటి నాకు సరిపోయింది. మిగతావి కొలతలు రాసి వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇప్పటికి నాలుగు పోయాయి. నిన్న సాయంత్రం మూలింటాయన వచ్చి, పదిహేను అంగుళాలది ఉందా, బందుతో సహా ఇస్తారా అని అడిగాడు.