వార్ధక్యమున జీవక్రియయు మేధాశక్తియు: చరిత్ర

భుజించిన ఆహారమును శరీరము శక్తిగా మార్చుకొను వ్యాపారమునకు జీవక్రియ యని పేరు. దేహభారములో నూటికి 2 వంతులే యైనను, విశ్రాంతివేళ వ్యయమగు శక్తిలో రమారమి 20 వంతులు మెదడే గ్రహించును. కావున చక్కెర, రక్తపోటు, కొవ్వులు చిరకాలము అదుపు తప్పినచో మెదడులోని సూక్ష్మ రక్తనాళములు చెడి, వృద్ధుల జ్ఞాపకశక్తికిని ఆలోచనావేగమునకును హాని కలుగును.

మధుమేహమును ప్రాచీన వైద్యుడగు సుశ్రుతుడు వర్ణించియున్నాడు. నడుమ శతాబ్దములను దాటి వచ్చినచో, 1906 నవంబరులో ఆలోయిస్ ఆల్జైమర్ తన పేర పరగు, జ్ఞాపకశక్తిని హరించు వ్యాధిని ట్యూబింగెన్ సభలో వివరించెను. 1921–22లో టొరాంటోయందు ఇన్సులిన్ లభించెను. మధుమేహమును గూర్చినదియు మేధాక్షీణతను గూర్చినదియు నగు ఈ రెండు త్రోవలును చాలకాలము వేర్వేరుగనే సాగినవి. 6,370 మంది వృద్ధులను పరిశీలించి, మధుమేహము గలవారిలో డిమెన్షియా (మేధాక్షీణత) దాదాపు రెట్టింపుగా కనబడుచున్నదని 1999లో ప్రకటించిన రాటర్‌డామ్ పరిశోధన ఈ చరిత్రలో మిక్కిలి ప్రశస్తమైనది.

మనదేశమున ఈ విషయమును పరిశీలింపదగిన తావులలో జంషెడ్‌పూర్ ఒకటి. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ చుట్టు పెరిగి, 1919లో ఆ పేరు పొందిన ఈ నగరమునకు పనికై వలసవచ్చినవారిలో తెలుగువారును గలరు. భారత వైద్య పరిశోధన మండలివారి మధుమేహ సర్వే తొలి విడతకు ఎన్నుకొనబడిన నాలుగు ప్రాంతములలో ఈ నగరమున్న ఝార్ఖండ్ ఒకటి. 2011లో వెలువడిన దాని ఫలితముల ప్రకారము, ఆ రాష్ట్రపు పల్లెలలో వయోజనులయందు మధుమేహము 3 శాతము కాగా పట్టణములలో 13.5 శాతము. తక్కిన మూడింటిలో ఇంత యంతరము లేదు. షిఫ్టుల లెక్క ముఖస్థముగా చెప్పిన విశ్రాంత కార్మికుడు ఈ నగరపు సాక్చి బజారులో చిల్లర లెక్కింప తడబడినచో దానిని ముసలితనమని త్రోసివేయక, చక్కెరయు రక్తపోటును పరీక్షింపవలెను.

చదువెరుగని వృద్ధుల మేధాశక్తిని కొలుచుటకై హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో రూపొంది 1995లో ప్రకటితమైన హిందీ పరీక్ష ఎంతయు మెచ్చదగినది. వాక్యము వ్రాయుమనుటకు మారుగా తన యింటినిగూర్చి ఒక మాట చెప్పుమని అందు అడుగుదురు. మనదేశమున 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియాతో నున్నారని 2023లో లెక్కతేల్చిరి.

ఫిన్లాండులో 60 మొదలు 77 ఏండ్ల వయసుగల 1,260 మందిపై జరిగి 2015లో వెలువడిన ప్రయోగమున, ఆహారనియమము, వ్యాయామము, మేధాభ్యాసము, రక్తపోటు మొదలగువాని పరిశీలన కలిపి రెండేండ్లు సాగించినవారి మేధాశక్తి, సామాన్య సలహా పొందినవారికంటె మెరుగుగా నుండెను. లాన్సెట్ వైద్యపత్రిక సంఘము 2024లో డిమెన్షియాకు పేర్కొన్న 14 నివారణీయ కారణములలో మధుమేహము, రక్తపోటు, స్థౌల్యము, చెడు కొలెస్టరాలు అను నాలుగును జీవక్రియకు సంబంధించినవే.