మూగచిత్రముల నాటి రఘుపతి ప్రకాశ్

సింగానల్లూరు పెద్దలలో సెంట్రల్ స్టూడియో పేరు విననివారుండరు. 1930వ దశకము నడుమ బి. రంగస్వామి నాయుడు ప్రభృతులు నెలకొల్పిన ఆ స్టూడియో నేడు లేదు. తెలుగువారి పూనికతో వెలసినను అచ్చట తయారైనవి ఎక్కువగా తమిళ చిత్రములే. ఇందు వింత లేదు. సినిమాకు మాట వచ్చిన పిదప ఊరి భాషయే దాని భాష యయ్యెను. మాట రాకమునుపు సంగతి వేరు. ఆ కాలమున చెన్నపట్టణమున చిత్రములు తీసిన ఒక తెలుగువానిని గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

అతడు రఘుపతి ప్రకాశ్. తండ్రి వెంకయ్య 1869లో బందరున జన్మించి, చెన్నపట్టణము చేరి, ఫోటోగ్రాఫరుగా స్థిరపడెను. 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును కొని, దక్షిణదేశముననే గాక సింహళమున, బర్మాలో గూడ బొమ్మలు చూపెను. (మన కోయంబత్తూరి సామికణ్ణు విన్సెంటు 1905 నుండి డేరాలు వేసి చేసినదియు ఇట్టి పనియే.) పిదప గెయిటీ మున్నగు సినిమాహాళ్లు కట్టించెను. కుమారుడు మాత్రము చిత్రములు చూపుటతో తృప్తిపడక, తీయుట నేర్వవలెనని వెంకయ్య కోరిక. ప్రకాశ్ లండనులో ఆ విద్య నభ్యసించి తిరిగివచ్చెను.

1921లో తండ్రీకొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థను స్థాపించి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిరి. ప్రకాశే దర్శకుడు, భీష్ముడును అతడే. గంగ వేషము పెగ్గీ కాస్టెల్లో అను తెల్లవనితది. గంగాదేవి నోరు విప్పవలసిన పని లేదు గదా! మధుర వారు గమనింపదగిన సంగతి మరొకటి కలదు: వీరి చిత్రములలో ‘మీనాక్షీ కల్యాణము’ ఒకటి.

‘భీష్మ ప్రతిజ్ఞ’ను తొలి తెలుగు చిత్రమని పలువురు వ్రాసియున్నారు. మూగచిత్రమునకు భాష యేది? నడుమ నడుమ తెరపై వ్రాత వచ్చును. చదువురానివారికై దానిని హాలులో నిలిచి బిగ్గరగా చెప్పువారుండెడివారు. ఆ భీష్ముడు తమిళుల ఊరిలో తమిళుడు, తెలుగువారి ఊరిలో తెలుగువాడు. కావున, తీసినవాడు తెలుగువాడనుటయే మాకు గట్టి ఆధారముగా తోచుచున్నది. 1931లో ‘కాళిదాసు’ తమిళము, తెలుగు రెండును పలికెను. మరుసటి ఏట ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర వేరుపడెను.

అప్పటికే ప్రకాశ్ సంస్థ మూతపడినది. ఉన్న ఆస్తి కరగిపోగా వెంకయ్య 1941లో కన్నుమూసెను. కొడుకు టాకీలకును దర్శకత్వము వహించెను. 1940 నాటి ‘బారిష్టరు పార్వతీశం’ అతనిదే. తండ్రి పేర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980లో పురస్కారము నెలకొల్పినది. కొడుకు పేరు ఆ తండ్రి కథలో ఒకటి రెండు వాక్యములకే పరిమితమైనది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రతి ఒక్కటియు మిగులలేదు.